తలుపు గడియ వేయమన్న గొంతు

గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. పెదనాన్న పోయాక అన్నయ్య డల్లాస్ తీసుకెళ్తే, రెండు నెలలుండి తులసికోట ఎండిపోతుందన్న వంకతో తిరిగొచ్చేసింది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పిన మనిషి. పోయినేడు శ్రావణమాసంలో ఒక మంగళవారం పొద్దున పదిన్నరకి ఆమెకి ఫోనొచ్చింది. ఆమె పేరు మీద తీసుకున్న సిమ్ముతో ముంబైలో ఏదో నేరం జరిగిందట. రెండు గంటల్లో నంబరు ఆగిపోతుందట. మీరు కాదంటే ఆ ముక్క పోలీసులకే చెప్పుకోండి, కలుపుతాం అన్నారు. కలిపారు. వీడియోలో ఖాకీ చొక్కా, వెనక గోడకి గాంధీ బొమ్మ, బల్ల మీద చిన్న జెండా. అతని మొదటి మాట: "తలుపు గడియ వేయండి మేడం, ఇది రహస్య విచారణ."

వేసింది. పన్నెండు కల్లా ఫోను ఆన్‌లోనే హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బ్యాంకుకెళ్లి మూడు లక్షలు పంపించింది. కౌంటర్లో అమ్మాయి "ఇంత డబ్బు ఎవరికండీ?" అని అడిగితే, మనవరాలి కాలేజీ ఫీజని చెప్పింది. అలా చెప్పమని నేర్పింది ఖాకీ చొక్కానే. మధ్యాహ్నం ఎఫ్‌డీ కూడా తీయాలి. ఈలోపు గ్యాస్ బండ వచ్చింది. తలుపు తీయొద్దని ఫోను, బండ పోతే మళ్లీ వారం పడుతుందని మనసు. బండే గెలిచింది. ఏళ్ల తరబడి వచ్చే కుర్రాడు ఆమె మొహం చూసి "ఏంది టీచరమ్మగారూ, అట్టా ఉన్నారు?" అన్నాడు. పోలీసు సారు లైన్లో ఉన్నారని ఆమె గుసగుసగా చెప్పింది. "పోలీసులైతే ఇంటికొస్తారు గానీ ఫోన్లో కూర్చుంటారాండీ?" అన్నాడతను. ఫోను అప్పుడు కట్టయింది.

పోలీసులమని నమ్మించి, మనిషిని వీడియో కాల్‌లోనే కట్టిపడేసి డబ్బు లాగే ఈ మోసానికి "డిజిటల్ అరెస్ట్" అని పేరు. ఆ తర్వాత చుట్టాలందరిదీ ఒకటే మాట. చదువుకున్న మనిషి ఇలా ఎలా పడిపోయింది? నేనూ అన్నాను, పైకి కాకపోయినా లోపల. ఆ ప్రశ్న పట్టుకుని కొన్నాళ్లు నేరశాస్త్రం, మనస్తత్వశాస్త్రం పరిశోధనలు చదివితే నాకు అర్థమైంది, ప్రశ్నే తప్పని. ప్రాథమిక హక్కుల పాఠం ఆమే చెప్పేది. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలన్న 22వ అధికరణం ఆమెకి నిద్రలో లేపినా వస్తుంది. ఆమెకి తెలియనిది కాదు. తెలిసినది గుర్తుకొచ్చే సందు ఆ మూడు నాలుగు గంటల్లో ఆమెకి దొరకలేదు, అంతే.

అధికారానికి మనిషి ఎంతవరకు తలొగ్గుతాడో చూద్దామని అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. పక్క గదిలో కూర్చున్న మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా మీట నొక్కి కరెంటు షాకివ్వాలి. ఒక్కో తప్పుకీ 15 వోల్టులు పెరుగుతాయి. నిజానికి కరెంటూ లేదు, షాకూ లేదు. పక్క గదిలో అరుపులు నటన. ఆ సంగతి మీట నొక్కేవాళ్లకి తెలియదు. 1963లో అచ్చయిన మొదటి ఫలితాల్లో 40 మందికి 26 మంది చివరి మీట, అంటే 450 వోల్టుల దాకా వెళ్లారు. వాళ్లు క్రూరులేం కారు. చెమటలు కక్కారు, వణికారు, ఆపేద్దామని బతిమాలారు. ప్రయోగం నడిపే కోటు తొడుక్కున్నాయన "కొనసాగించండి" అంటే కొనసాగించారు.

ఈ ప్రయోగం చాలామందికి తెలిసిందే. దాన్ని మార్చి మార్చి చేసిన వరసల్లో రెండిటి గురించి మాత్రం అంతగా ఎవరూ చెప్పరు, మన కథకి కావలసింది అవే. ఒక వరసలో కోటాయన గదిలోంచి వెళ్లిపోయి ఫోన్లో ఆదేశాలిచ్చాడు. చివరిదాకా మాట వినేవాళ్లు సుమారు ఐదుగురిలో ఒకరికి పడిపోయారు. అంటే ఉత్త ఫోను గొంతుకి బలం తక్కువ. ఈ మోసగాళ్లు వాయిస్ కాల్‌తో మొదలుపెట్టి వీడియోకి ఎందుకు మారతారో, కెమెరా ఒక్క నిమిషం కూడా ఆపొద్దని ఎందుకంటారో దీన్నిబట్టి ఊహించొచ్చు. ఆ అధికారిని మన హాల్లోకి తెచ్చి కూర్చోబెట్టాలి. ఇంకో వరసలో, పక్కనే కూర్చున్న ఇద్దరు తోటివాళ్లు "మేం చేయం" అని లేచిపోయారు. అప్పుడు చివరిదాకా వెళ్లింది 40 మందిలో నలుగురే.

ఇద్దరు లేచి కాదన్నందుకు 26 కాస్తా 4 అయింది. గ్యాస్ కుర్రాడు చేసిన పనీ అదే. వాడు మా పెద్దమ్మకి చట్టం చెప్పలేదు, ఆ గదిలో రెండో మనిషయ్యాడు.

అసలు మన చట్టం కూడా రెండో మనిషిని అడుగుతుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షన్ ప్రకారం అరెస్టు చేసే అధికారి మెమో రాయాలి. దాని మీద కుటుంబ సభ్యులో, ఆ ప్రాంతంలో పరువు గల మనిషో ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. ఇంటివాళ్లు సాక్షి కాకపోతే, ఎవరికి కబురు చేయాలని అడిగే హక్కు ఆ మనిషికుందని చెప్పాలి. నిజమైన అరెస్టు పదిమందికీ తెలిసేలా జరగాలని చట్టం ఉద్దేశం. "డిజిటల్ అరెస్ట్" మొదటి షరతు ఎవరికీ చెప్పొద్దని. ఆ పేరుతో మన చట్టంలో ఏమీ లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరులో మన్ కీ బాత్‌లోనే చెప్పారు. నాకైతే రెండిటినీ వేరుచేసి చూపించడానికి ఇంతకంటే తేలిక గుర్తు కనిపించలేదు. సాక్షిని పిలిచేది పోలీసు, సాక్షిని తరిమేది దొంగ.

ఇక గడియ సంగతి. డబ్బు పంపమని మొదటి నిమిషంలో అడిగితే పెద్దమ్మ ఫోను పెట్టేసేది. అడగలేదు. మీ పేరు ఇదేనా, అవును. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా, లేరు. గడియ వేశారా, వేశాను. ఆధార్ ఒకసారి కెమెరాకి చూపించండి, ఇదిగో. ఇవన్నీ చిన్న చిన్న ఒప్పుకోళ్లు. 1966లో కాలిఫోర్నియాలో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు దీన్ని కొలిచారు. జాగ్రత్తగా నడపండి అని రాసున్న పెద్ద వికారమైన బోర్డు మీ ఇంటి ముందు పాతుకుంటాం అని అడిగితే ఒప్పుకున్నది 17 శాతం. అలాంటి మాటే రాసిన చిన్న కాగితం రెండు వారాల ముందు కిటికీకి అంటించుకున్న వాళ్లనడిగితే 76 శాతం. ఒకసారి సరే అన్న మనిషి తన మాటకి తనే కట్టుబడతాడు. మాట మీద నిలబడటం మనం పిల్లలకి నేర్పే గుణం. పోలీసుకి గౌరవమివ్వడం, అడిగినదానికి దాచకుండా జవాబు చెప్పడం, పరువుకి భయపడటం, అన్నీ అంతే. ఆ ఖాకీ చొక్కా వాడుకున్నవన్నీ మా పెద్దమ్మలోని మంచి గుణాలే. ఆ మూడు నాలుగు గంటల్లో ఆమెలో అత్యాశ ఎక్కడుందో నాకు కనపడలేదు.

అత్యాశ మీద నడిచే మోసాలు లేవని కాదు. రోజుకింత లాభమనే ట్రేడింగ్ గ్రూపులు, వీడియోలకి లైకు కొడితే డబ్బులిస్తామనే టాస్కులు ఆ కోవలోవి. కేంబ్రిడ్జిలో భద్రతా పరిశోధన చేసే ఫ్రాంక్ స్టజానో, వీధి మోసాల ఆట తెలిసిన పాల్ విల్సన్‌తో కలిసి మోసాలన్నిటికీ ఆధారమైన ఏడు సూత్రాలు రాశాడు. నా దృష్టి నిలిచింది ఒకదాని మీద. మనం చేసిన చిన్న తప్పుని పట్టుకునే మనల్ని కట్టేయడం. లోన్ యాప్‌లో రహస్యంగా అప్పు తీసుకున్న కుర్రాడు, తెలియని అమ్మాయి వీడియో కాల్‌ ఎత్తిన పెద్దమనిషి పోలీసు స్టేషన్ మెట్లెక్కరు. వాళ్ల సిగ్గే దొంగలకి కాపలా.

మరి మా ఊళ్లోనే, మా పెద్దమ్మకే ఎందుకు? లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ 1979లో చెప్పిన సిద్ధాంతం ఒకటుంది. నేరం జరగాలంటే మూడు ఒకచోట కలవాలి. చేయాలనుకునే వాడు, అందుబాటులో సొత్తు, కాచే మనిషి లేకపోవడం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో ఆదాయాలు పెరిగినా దొంగతనాలు ఎందుకు పెరిగాయని వాళ్లు అడిగి, జనం పనులకెళ్లి పగటిపూట ఇళ్లు ఖాళీగా ఉండటం, మోసుకుపోవడానికి తేలికైన టీవీల్లాంటి వస్తువులు ఇళ్లలోకి రావడం లాంటి కారణాలు చూపించారు.

దీన్ని కృష్ణ ఇవతలా అవతలా పెట్టి చూడండి. బెజవాడలో పటమట, మొగల్రాజపురం, గుంటూరులో బ్రాడీపేట, లక్ష్మీపురం. అపార్టుమెంటులోకెళ్లి కాలింగ్ బెల్ కొడితే చాలా తలుపులు తీసేది డెబ్బై దాటినవాళ్లే. పెన్షన్ డబ్బో, పొలం అమ్మిన డబ్బో, పిల్లలు పంపిందో ఖాతాలో ఉంటుంది. అది మోసుకుపోవడానికి టీవీ కన్నా తేలిక. ఇల్లు ఖాళీగా లేదు, మనిషుంది, కానీ ఆ మనిషిని కాచే మనిషి సముద్రం అవతల నిద్రపోతున్నాడు. మనకి పొద్దున పదిన్నర అంటే, ఎండాకాలం గడియారం నడిచే రోజుల్లో డల్లాస్‌లో సరిగ్గా అర్ధరాత్రి. ఆ టైము మోసగాడు లెక్కేసి పెట్టుకున్నదో, కాకతాళీయమో నేను చెప్పలేను. బ్యాంకులు తెరిచే వేళే కొడుకు నిద్రపోయే వేళ కావడం మాత్రం వాడికి కలిసొచ్చింది. అన్నయ్య లేచి మిస్డ్ కాల్ చూసుకునేసరికి మనకి సాయంత్రమైంది.

అవతలి గొంతు ఎవరిది? దీనికొచ్చే జవాబు కోపాన్ని కాస్త గజిబిజి చేస్తుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన యువకుల్ని కంబోడియాకి పంపిస్తున్న ఏజెంట్ల ముఠాని 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, కాంపౌండ్లలో బంధించి, మన వాళ్లతోనే మన వాళ్లకి ఫోన్లు చేయించారు. అదే నెల సిహనౌక్‌విల్‌లో వందలమంది భారతీయులు తిరగబడ్డారు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఇలా బలవంతంగా ఆన్‌లైన్ మోసాలు చేస్తూ ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అంచనా వేసింది. అంటే తెలుగులో "అమ్మా" అని పిలిచే ఆ గొంతు ఒక్కోసారి ఉద్దానం పిల్లాడిదో, అనకాపల్లి పిల్లాడిదో కావచ్చు. వాడి వెనకా ఎవరో తలుపు గడియ వేసే ఉంటారు. పెద్దమ్మకి ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వాడి అమ్మకి తెలుసా?" అంది.

డబ్బు మాత్రం ఆ పిల్లాడికి చేరదు. మొదట మ్యూల్ ఖాతాలోకి పోతుంది. కమీషన్‌కి ఆశపడి తన బ్యాంకు ఖాతాని, ఏటీఎం కార్డుని, సిమ్ముని ఎవరికో అప్పగించిన మనిషి ఖాతా అది. అక్కడినుంచి నిమిషాల్లో చీలికలై పది ఖాతాల్లోకి, వాటినుంచి ఇంకో పాతికలోకి. చివర ఎక్కడో ఏటీఎంలో నోట్లవుతుంది, లేదా క్రిప్టో అవుతుంది. ఇలా దేశం మొత్తం మీద 2023లో పోయింది 7,465 కోట్ల రూపాయలైతే 2024లో 22,845 కోట్లని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకి చెప్పింది. ఏడాదిలో మూడింతలు. జనం ఒక్క ఏడాదిలో మూడింతలు తెలివితక్కువ వాళ్లవరు కదా. పెరిగింది అవతలి ఫ్యాక్టరీ.

ఫ్యాక్టరీ అన్నాను కాబట్టి దాని జల్లెడ గురించి ఒక మాట. వాట్సాప్‌లో వచ్చే తప్పుల తడక తెలుగు లాటరీ మెసేజీలు చూసి నవ్వుకుంటాం. ఇంత కోట్ల వ్యాపారం చేసేవాళ్లు వాక్యం దిద్దుకోలేరా? మైక్రోసాఫ్ట్‌లో పరిశోధకుడు కోర్మాక్ హెర్లీ 2012లో ఇలాంటి ప్రశ్నకే లెక్కల్లో జవాబు రాశాడు. మెసేజ్ పంపడానికి ఖర్చు లేదు, జవాబిచ్చిన ప్రతి మనిషితో గంటలు మాట్లాడటానికే ఖర్చు. కాబట్టి మధ్యలో అనుమానించి వెళ్లిపోయే వాళ్లు మొదట్లోనే నవ్వుకుని పోవడం వాళ్లకి లాభం. మనం నవ్వుకున్నామంటే మన తెలివికి మెచ్చుకోలు కాదు, ఆ వల మన కోసం వేసింది కాదు, అంతే. మన కోసం వేసేది వేరే ఉంటుంది. అది చూసి నవ్వురాదు.

ఇక్కడ అందరూ చెప్పే మందు అవగాహన. బెంజ్ సర్కిల్ సిగ్నల్లో ఇరుక్కుని ఇంటికి ఫోన్ చేస్తే, మన వాళ్ల గొంతు కంటే ముందు ఓటీపీ చెప్పకండన్న కాలర్ ట్యూన్ వినపడిన రోజులు గుర్తున్నాయా? నాకు అవగాహన మీద వైరం లేదు గానీ, దాని బలమెంతో కొలిచినవాళ్లు చెప్పేది వింటే ఉత్సాహం కాస్త తగ్గుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి శాన్ డియేగోలో ఉన్న ఆస్పత్రుల్లో 19,500 మందికి పైగా ఉద్యోగులకి 8 నెలలపాటు ఉత్తుత్తి మోసపు మెయిళ్లు పంపి చూశారు. 2025లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం శిక్షణ పొందినవాళ్లకీ పొందనివాళ్లకీ తేడా 1.7 శాతం. స్విట్జర్లాండులో జ్యూరిక్ ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక సంస్థలో 14,000 మందికి పైగా ఉద్యోగుల్ని 15 నెలలు చూసి 2022లో ప్రచురించింది ఇంకా చిత్రం. మోసపు మెయిల్లో లింకు నొక్కగానే "ఇది మోసం, ఇలా గుర్తుపట్టండి" అని పాఠం చూపించినందువల్ల జనం జాగ్రత్తపడలేదు సరికదా, ఇంకా ఎక్కువ నొక్కారు. కానీ అదే పరిశోధనలో అనుమానమొస్తే ఒక బటన్ నొక్కి చెప్పే ఏర్పాటు పనిచేసింది. ఎవరో ఒకరు త్వరగా పసిగట్టి చెబితే మిగతావాళ్లందరినీ కాపాడొచ్చని తేలింది. ఇక్కడా రెండో మనిషే.

సలహాలు ఎందుకు తలకెక్కవో తెలుసుకోవాలంటే మళ్లీ గ్యాస్ బండ దగ్గరికే రావాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు అంటారు. బండ ఇంటికొస్తే ఫోనుకొచ్చిన కోడ్ చెప్పమంటారు. పార్సిల్ కుర్రాడు ఓటీపీ అడుగుతాడు, క్యాబ్ డ్రైవరు అడుగుతాడు. రోజుకి రెండుసార్లు చెప్పి, మూడోసారి మాత్రం చెప్పకూడదంటే ఏది మూడోదో డెబ్బై ఏళ్ల మనిషికి ఎలా తెలియాలి? సలహా పాటించకపోవడం చాలాసార్లు మూర్ఖత్వం కాదు, ఖర్చూ ప్రయోజనం బేరీజు వేసుకుంటే సబబైన పనే అని పైన చెప్పిన హెర్లీయే 2009లో వాదించాడు. అప్పుడు చదివినవాళ్లకి అది వితండవాదంగా తోచి ఉండొచ్చు.

అందుకే మనిషికి నేర్పడం కంటే దారిని మార్చడం మేలని నా పక్షపాతం. సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ అమ్మకానికి పెడితే ఎవడో "మీకు డబ్బులు పంపుతున్నా, పిన్ కొట్టి తీసుకోండి" అని యూపీఐలో రిక్వెస్ట్ పంపేవాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని ఏళ్ల తరబడి చెప్పారు, జనం పడుతూనే ఉన్నారు. చివరికి 2025 అక్టోబరు 1 నుంచి మనిషి మనిషికి పంపే ఆ కలెక్ట్ రిక్వెస్టునే యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపేసింది. వేల పోస్టర్లు చేయలేనిది ఒక మీట తీసేస్తే అయింది. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" చిరునామాకి మారాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నియమమూ ఇలాంటిదే. పెద్ద వయసువాళ్ల ఖాతాల నుంచి కొత్త ఖాతాకి పెద్ద మొత్తం పోతుంటే కొన్ని గంటలు ఆపడం, ఆ లోపు ఇంట్లో ఇంకొకరికి కబురు వెళ్లడం లాంటివి కూడా అలవాటైతే బాగుండును. డబ్బు క్షణంలో పోవడమే గొప్ప అని పదేళ్లుగా మురిసిపోయాం. కొంత మెల్లదనం తిరిగి రావాలి.

బ్యాంకు అమ్మాయి అడిగింది నిజమే. అడిగిన తీరు మారాలి. "ఎవరికి?" అంటే జవాబు ముందే తయారుచేసి పంపిస్తారు. "మీ ఫోను ఇప్పుడు ఎవరితోనైనా లైన్లో ఉందా, కాగితం మీద రాసి చూపించండి" అని పెన్ను ఇస్తే, మా పెద్దమ్మ ఏం రాసేదో అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

కథలో నన్ను బాగా బాధపెట్టిన ముక్క మోసం జరిగిన రోజుది కాదు, ఆ రాత్రిది. ఫోను కట్టయింది మధ్యాహ్నం రెండింటికి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది మర్నాడు పదకొండుకి. మధ్యలో ఇరవై ఒక్క గంట. ఎందుకాగావని అడిగితే, "అన్నయ్యకి ఎలా చెప్పాలో తెలియలేదురా" అంది. చదువుకున్నదానివి ఎలా పడ్డావు అని అంటారని ఆమెకి ముందే తెలుసు. అన్నాం కూడా. 1930కి చెబితే వాళ్లు ఆ డబ్బు చేరిన బ్యాంకుకి వెంటనే కబురు పంపి, ఖాతాలో ఇంకా మిగిలున్నదాన్ని స్తంభింపజేస్తారు. మొదటి గంటలో మిగిలేది, ఇరవై ఒకటో గంటలో మిగిలేది ఒకటి కాదు. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన సర్క్యులర్ కూడా గడియారం మీదే నడిచింది. బ్యాంకు తప్పు, ఖాతాదారు తప్పు రెండూ లేని మోసాన్ని 3 పనిదినాల్లో చెబితే నష్టం ఖాతాదారుది కాదని అందులో రాశారు. ఖాతాదారు పొరపాటున వివరాలిచ్చిన కేసుల్లో చెప్పేదాకా పోయింది ఆయనదే, చెప్పిన తర్వాత పోయేది బ్యాంకుదని కూడా రాశారు. "ఎలా పడ్డావు?" అనే ప్రశ్నకి భయపడి మనిషి నోరు మూసుకున్న ప్రతి గంటా మ్యూల్ ఖాతాలకి కలిసొచ్చే గంట. ఆ ప్రశ్న వేసిన మనందరికీ అందులో వాటా ఉంది.

మూడు లక్షల్లో పద్దెనిమిది వేలు ఒక ఖాతాలో దొరికాయి. అవి తిరిగి రావడానికి కాగితాలు నడుస్తున్నాయి.

మొన్న వేసవిలో ఆమెకి మళ్లీ అలాంటి ఫోనొచ్చింది. ఈసారి ఏదో పార్సిల్ అట. అప్పుడు పక్క వాటాలో ఆవకాయకి కాయలు కొడుతున్నారు. నలుగురు ఆడవాళ్లు, ఒక కత్తిపీట. పెద్దమ్మ స్పీకర్ ఆన్ చేసి ఫోన్ తీసుకెళ్లి ఆవపిండి డబ్బా పక్కన పెట్టి, "చెప్పండి బాబూ, వింటున్నాం" అంది. అవతలి గొంతు కాసేపు ఆగింది. తర్వాత అడిగింది, "అక్కడ ఎవరున్నారు మేడం?"